వార్షిక నివేదిక 2024–25: దుందుభి వాగు ఎగువన గ్రాంటు పనులు

సభ్యులకు నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో అందరూ అడగబోయేది ఒకటే: "ఈసారి చెక్ డ్యాం ఎందుకు పెట్టలేదు?" గుట్ట మీది మట్టిని గుట్ట మీదే ఆపకుండా వాగులో గోడ కడితే, కొన్ని వానకాలాల్లోనే ఇసుక, ఒండ్రు నిండి గోడ మాత్రం మిగులుతుంది. అందుకే డబ్బంతా గుట్ట మీద కందకాలకు, వాన నీళ్లు కోసిన ఒర్రెల్లో రాతి కట్టలకు, వాగు ఒడ్డుకు అడిగాం. ఒక దాత మాత్రం పేరు బోర్డు పెట్టుకోవడానికి చెక్ డ్యామే కావాలన్నారు. కందకం మీద బోర్డు నిలవదు కదా, ఆ సొమ్ము వదులుకున్నాం.

ఒక హెక్టారు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే లక్ష లీటర్లు. 4 మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు ఉన్న కందకంలో ఒకసారికి వెయ్యి లీటర్లు నిలుస్తాయి. హెక్టారుకు వంద కందకాలు అన్న లెక్క అక్కడి నుంచి వచ్చింది. తీసిన మట్టిని దిగువ వైపే, అంచు నుంచి 30 సెంటీమీటర్లు వదిలి వేయాలి. అంచునే పోస్తే తొలి వానకే తిరిగి కందకంలో పడుతుంది. పై వరుస సందుకు నేరుగా కింద కందకం వచ్చేలా వరుసలు వేయాలి, సందులో జారిన నీళ్లు కింది కందకంలో పడాలి. మట్టం చూడటానికి ఏ-ఫ్రేమ్ (దారానికి రాయి వేలాడే, ఇంగ్లిష్ 'A' ఆకారపు కర్రల చట్రం) చాలు. కానీ రోజూ పని మొదలయ్యే ముందు దాన్ని అటూ ఇటూ తిప్పి నిలబెట్టి దారం గుర్తు సరిచూడాలి. మట్టం తప్పితే నీళ్లు ఒక కొసకు చేరి, అక్కడ గట్టు తెగి, మనమే కొత్త ఒర్రె తవ్వినట్టవుతుంది.

ఒర్రెల్లో వేసిన రాతి కట్టల నడుమ భాగం అంచుల కన్నా పల్లంగా ఉండాలి. అన్నీ సమంగా పేరిస్తే వరద పక్కల నుంచి కోసుకుపోతుంది. వాలు పది శాతం ఉన్నచోట మీటరు ఎత్తు కట్టకు ఇంకో కట్ట పది మీటర్ల దిగువన పడుతుంది. అప్పుడే కింది కట్ట పైభాగం, పై కట్ట అడుగు ఒకే మట్టానికి వస్తాయి.

వాగు ఒడ్డున సర్కారు తుమ్మను నేల మట్టానికి నరికితే లాభం లేదు, గుత్తులుగా మళ్లీ చిగురిస్తుంది. 30 సెంటీమీటర్ల లోతు దాకా మొదలుతో సహా పెకలించాలి. అయితే ఒడ్డంతా ఒక్కసారి ఖాళీ చేయకూడదు, వరదకు మట్టి కరిగిపోతుంది. ముక్కలు ముక్కలుగా తీసి వెంటనే ఏరుమద్ది, కానుగ, వావిలి పెట్టాలి. వావిలి కొమ్మ గుచ్చినా బతుకుతుంది, మేకలు ముట్టవు. కుంటలో పూడిక తీయించేటప్పుడు జేసీబీని గోతులు తవ్వనివ్వకండి. ఒక పక్క ఏటవాలుగా వదిలితేనే కొంగలకు నిలబడే చోటు ఉంటుంది.

ఇక డబ్బు. ప్రధానమంత్రి కృషి సించాయీ యోజన వాటర్‌షెడ్ 2.0 (2021–26)లో మైదాన ప్రాంతానికి హెక్టారుకు 22,000 రూపాయలు, కొండ, క్లిష్ట ప్రాంతాలకు 28,000. గుట్ట కనిపించింది కదా అని రెండో రేటు రాస్తే ప్రతిపాదన తిరిగి వస్తుంది. కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. శిక్షణ, జీవనోపాధి, పరిపాలన అన్నీ ఈ మొత్తంలోనే సర్దాలి. కంపెనీల సామాజిక బాధ్యత నిధికైతే సంఘానికి ఆదాయపు పన్ను శాఖలో 12ఏ, 80జీ నమోదు, కంపెనీ వ్యవహారాల శాఖలో సీఎస్‌ఆర్-1 నమోదు, మూడేళ్ల పని అనుభవం కావాలి.

ఈ ఏడు దెబ్బ తిన్నది కొలతల దగ్గర. ఎంబీ (కొలతల పుస్తకం) రాసేలోపు ఒక వాన పడింది. అడుగున మట్టి చేరి అర మీటరు లోతు 40 సెంటీమీటర్లుగా తేలింది. దాంతో ఆ కందకాల బిల్లులో ఐదో వంతు కోత. కూలీ మాత్రం పూర్తిగా ఇవ్వాల్సిందే, తేడా సంఘం సొమ్ములోంచి కట్టాం. ఇకపై ఏ వరుస పూర్తయితే ఆ సాయంత్రమే కొలత, ఫొటో.

సర్కారు గ్రాంటుకు వినియోగ పత్రం (సొమ్ము దేనికి ఖర్చయిందో చెప్పే ధ్రువీకరణ) 2017 సాధారణ ఆర్థిక నియమాల (జీఎఫ్‌ఆర్) 12-ఏ నమూనాలో ఇవ్వాలి. ఇది అందకుంటే తర్వాతి విడత ఆగుతుంది. ఖాతాలో పడిన వడ్డీ మనది కాదు, లెక్కలో చూపాలి.

మనకొచ్చిన ఏ గ్రాంటులోనూ కందకాల పూడిక తీతకు పద్దు లేదు. కాబట్టి రోహిణి కార్తె ముగిసేలోగా, మృగశిర వానలకు ముందే, ఇంటికి ఒకరు పార, గంప పట్టుకుని రెండు రోజులు రావాలి. వంతుల జాబితా సంఘం గోడకు అతికించాం.