యానాంలో అడిగిన మాట పాగో పాగోలో ఎందుకడగరు?

సంపాదకులు గారికి,

నమస్కారం. తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లకి అమెరికాలో పుట్టే పిల్లలకి జన్మతః పౌరసత్వం ఉండదని 2025 జనవరిలో ట్రంప్ ఉత్తర్వు ఇచ్చినప్పటి నుంచి మన పత్రికల నిండా హెచ్1బీ తల్లిదండ్రుల టెన్షనే. మా మనవరాలూ డల్లాస్‌లో పుట్టిందే కాబట్టి మా ఇంట్లోనూ ఆ గోల ఉంది. కానీ 1900 నుంచి అమెరికా జెండా కింద ఉన్న నేల మీద పుట్టి కూడా పౌరులు కాని వాళ్ల గురించి నాకెక్కడా కనబడలేదు.

వాళ్లు అమెరికన్ సమోవా వాళ్లు. పసిఫిక్ సముద్రంలో చిన్న దీవులు, రాజధాని పాగో పాగో, 2020 లెక్కల్లో 49,710 మంది. వాళ్లకిచ్చేదీ అమెరికా పాస్‌పోర్టే. లోపల మాత్రం ఒక పేజీలో ‘ఈయన అమెరికా జాతీయుడే గానీ అమెరికా పౌరుడు కాదు’ అనే అర్థం వచ్చే వాక్యం అచ్చేసి ఉంటుంది. సైన్యంలో చేరొచ్చు, యుద్ధంలో చావొచ్చు. కాలిఫోర్నియాలో ఇరవై ఏళ్లు పన్ను కట్టినా అధ్యక్ష ఎన్నికలో ఓటుండదు. ఓటు కావాలంటే ఏదో ఒక రాష్ట్రానికి వచ్చి మూడు నెలలు కాపురముండి, మన గ్రీన్‌కార్డు వాళ్లలాగే ఇంగ్లిషు, చరిత్ర పరీక్షలు పాసై, ఏడొందల పైచిలుకు డాలర్లు కట్టి పౌరులు కావాలి. అమెరికా ఏలుబడిలోనే ఉన్న పోర్టోరికో దీవి వాళ్లకి 1917లో, గువామ్ దీవి వాళ్లకి 1950లో చట్టం చేసి ఇచ్చిన పౌరసత్వమే ఇది.

2019 డిసెంబరులో యూటాలో ఒక ఫెడరల్ జడ్జి వీళ్లూ పుట్టుకతోనే పౌరులన్నారు. 2021లో అప్పీలు కోర్టు కొట్టేసింది, 2022లో సుప్రీంకోర్టు కేసు విననే లేదు. విచిత్రమేమిటంటే, వద్దని వాదించిన వాళ్లలో అమెరికన్ సమోవా ప్రభుత్వమే ఉంది! వాళ్ల భయం భూమి గురించి. అక్కడ భూమి చాలావరకు వంశానిది, ‘మతాయి’ అనే కుటుంబ పెద్ద చేతిలో ఉంటుంది. బయటివాళ్లకి అమ్మడానికి లేదు. పౌరసత్వంతోపాటు రాజ్యాంగం మొత్తం వచ్చి పడితే ఆ కట్టుబాటు కోర్టులో నిలవదేమోనని వాళ్ల బెంగ.

ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. బ్యాంకు ఉద్యోగంలో నాలుగేళ్లు రంపచోడవరంలో ఉన్నాను. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదనే 1/70 చట్టం ఉండగానే బినామీ పేర్లతో గిరిజనుల భూములు ఎలా జారిపోతాయో చూశాను. అయినా, భూమి కాపాడుకోవడానికి పౌరసత్వం వదులుకోమని మన కొండరెడ్లను ఎవరూ అడగలేదు కదా! అంతదాకా ఎందుకు, పసిఫిక్‌లోనే అమెరికా కింద ఉన్న ఉత్తర మరియానా దీవుల వాళ్లు 1986లో అమెరికా పౌరులయ్యారు. భూమి స్థానిక వంశస్థులకే అన్న అక్కడి నిబంధనను ఫెడరల్ అప్పీలు కోర్టే సమర్థించింది.

ఇక ఒకప్పుడు ఫ్రెంచి పాలనలో ఉన్న మా ఊరు యానాం సంగతి. 1962 ఆగస్టు 16న ఫ్రాన్స్‌తో ఒప్పందం అమల్లోకొచ్చి, ఇక్కడ పుట్టి ఇక్కడే ఉంటున్న వాళ్లంతా భారత పౌరులయ్యారు. ఫ్రెంచి పౌరులుగానే ఉంటామనుకున్న వాళ్లకి ఆరు నెలల గడువిచ్చి, రాసివ్వమన్నారు. మా తాతగారు రాసివ్వలేదు. చిన్నతాత రాసిచ్చాడు. ఆ తర్వాత కూడా ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చునేవారు. పోట్లాడుకుంటే చుట్టల కోసమే.

అలాంటి కాగితమే ఒక్కో సమోవా మనిషి చేతిలో పెట్టమనండి. కావాలనుకున్నవాడు పాగో పాగోలోనే, ఫీజూ పరీక్షా లేకుండా సంతకం పెడతాడు, అక్కర్లేదనుకున్నవాడు మానేస్తాడు. దీనికి అమెరికా కాంగ్రెస్ ఒక చట్ట సవరణ చేస్తే చాలు.

ఇట్లు,
ఒక రిటైర్డు బ్యాంకు ఉద్యోగి, యానాం