లైట్లు వేసిన వారి పేరు కూడా రాయండి

సంపాదకునికి,

మీ పత్రికలో వచ్చే నాటక సమీక్షల్లో నటులు, దర్శకుడు, ఒక్కోసారి మేకప్ చేసినవారి పేరు కూడా ఉంటుంది. లైటింగ్ ఎవరిదో మాత్రం కనిపించదు.

తాపస్ సేన్ (1924–2006) ఈ పనినే జీవితంగా చేసుకున్నారు. 1959లో కోల్‌కతా మినర్వా థియేటర్‌లో బెంగాలీ నాటక దర్శకుడు ఉత్పల్ దత్ ‘అంగార్’ నాటకం ఆడినప్పుడు, బొగ్గుగనిలో చిక్కుకున్న కార్మికులను నీళ్లు ముంచెత్తే దృశ్యాన్ని ఆయన వెలుతురుతోనే సృష్టించారు. లైట్లను నడిపే కంప్యూటర్ బోర్డులు లేని రోజులవి!

ఇది స్విచ్‌లు నొక్కే ఉద్యోగం కాదు. స్క్రిప్టు చదవాలి, రిహార్సల్స్‌లో ఎవరు ఎక్కడ నిలబడుతున్నారో చూడాలి, ఏ డైలాగుకు ఏ లైటు మారాలో క్యూ షీటు రాసుకోవాలి. పాత బల్బును డిమ్మర్‌తో తగ్గిస్తే వెలుగు దానంతటదే ఎర్రబడేది. మామూలు ఎల్‌ఈడీ అలా కాదు, ఆ సాయంకాలపు రంగును విడిగా కలుపుకోవాలి.

మన నాటక పరిషత్తుల పోటీల్లో ఒక నాటకం అయిన వెంటనే ఇంకో నాటకం. లైట్లు సరిచూసుకునే టైమే ఉండదు. చివరికి ‘ఫుల్ లైట్ వేసెయ్ బాబూ’ అనేస్తారు. మాయలూ మంత్రాలూ కళ్లకు కట్టే సురభి నాటక సమాజం వారున్న చోట ఇదేం తీరు?

నిర్వాహకులు ప్రతి బృందానికీ కనీసం అరగంట లైట్ల కోసం కేటాయించాలి. ఆ డిజైనర్‌కు పారితోషికం విడిగా ఇవ్వాలి. మీరు సమీక్షలో ఆ పేరు వేయండి.

ఇట్లు,
ఒక నాటకాభిమాని, గుంటూరు