మా పేరు ఎందుకు తీశారో మాకు చెప్పండి

తమిళనాడు ప్రధాన ఎన్నికల అధికారి గారికి,

నమస్కారాలతో చెన్నైలోని వ్యాసర్పాడి నుంచి ఒక తెలుగు ఓటరు రాస్తున్న బహిరంగ లేఖ.

ఓటరు జాబితాను సరిచేయాలన్న విషయంలో మీతో నాకు పేచీ లేదు. చనిపోయినవాళ్ల పేర్లూ, రెండు చోట్ల ఉన్న పేర్లూ తీసేయాల్సిందే. అద్దె ఇళ్లు మారుతూ బతికే చెన్నైలో జాబితా పాతబడటం సహజం. అయితే జాబితా మొత్తాన్నీ కొత్తగా సరిచూసే ప్రత్యేక సమగ్ర సవరణ (ఎస్‌ఐఆర్)లో భాగంగా 2025 డిసెంబరు 19న విడుదల చేసిన ముసాయిదా జాబితాలో రాష్ట్రవ్యాప్తంగా 97 లక్షలకు పైగా పేర్లు లేకుండా పోయాయి. వాటిలో ఎక్కువ భాగం కింద రాసిన కారణం ఇల్లు మారారని. మా వీధుల్లో టెన్షన్ మొదలైంది అక్కడే.

ఇల్లు మారడం అంటే ఏమిటో పెరుంబాక్కం వెళ్లి చూడండి. నగరం మధ్య పారే కూవం నది ఒడ్డున ఏళ్ల తరబడి కాపురం ఉన్నవాళ్లను ఖాళీ చేయించి, ఊరికి దూరంగా ఆ ఎత్తయిన బ్లాకుల్లోకి, కన్నగి నగర్‌లోకి పంపింది ప్రభుత్వమే. కార్పొరేషన్ చెత్తబండ్ల మీదా, వీధులు ఊడ్చే పనిలోనూ ఉన్న తెలుగువాళ్లు అలాంటి కాలనీల్లో చాలామందే ఉన్నారు. తాతల కాలంలో నెల్లూరు నుంచీ చిత్తూరు నుంచీ వచ్చిన కుటుంబాలు. తెల్లవారకముందే డ్యూటీకి బయల్దేరతారు. ఇంటింటికీ తిరిగి ఓటర్లను సరిచూసే బూత్ స్థాయి అధికారి (బీఎల్‌ఓ) పగటిపూట వచ్చేసరికి తలుపుకు తాళం ఉంటుంది. పాత చిరునామాలో ఇల్లే లేదు, కొత్త చిరునామాలో మనిషి దొరకలేదు. ఎవరికి ఏ ఫ్లాటు ఇచ్చారో ఆ ఇళ్లు కట్టించిన ప్రభుత్వ సంస్థ, తమిళనాడు నగర ఆవాస అభివృద్ధి మండలి దగ్గర పేరుపేరునా రాసి ఉంటుంది. ఆ జాబితాను తెప్పించుకుని పాత ఓటరు జాబితాతో సరిచూసే బాధ్యత మీ యంత్రాంగానిది. ఆ ఊడ్చే మనిషి రోజు కూలీ పోగొట్టుకుని కార్యాలయాల చుట్టూ తిరగాలనడం న్యాయం కాదు.

ఇంకో చిక్కు ఉంది. ఇక్కడ అంతకుముందు ఇలాంటి సవరణ జరిగింది 2002లో, కొన్ని నియోజకవర్గాల్లో 2005లో. ఆ జాబితాలో మీ పేరో, మీ అమ్మానాన్నల పేరో చూపించమన్నారు. ఆ తర్వాత ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ల పేర్లు అక్కడి తెలుగు జాబితాల్లో, ఇంటిపేరుతో కలిపి ఉంటాయి. ఇక్కడి కార్డులో ఇంటిపేరు ఉండదు, తండ్రి పేరులోని మొదటి అక్షరం ఉంటుంది. పెళ్లయి వచ్చిన ఆడపిల్లకు అది కూడా మారి భర్త పేరు చేరుతుంది. మనిషి ఒక్కరే, కాగితాల మీద మాత్రం ముగ్గురు. తెలుగు చదవలేని బీఎల్‌ఓను నేను తప్పుపట్టను. ఆయనకు సాయంగా తెలుగు చదవగలిగే ఒక మనిషిని ఇవ్వకపోవడాన్నే తప్పుపడుతున్నాను.

మనిషి ఆ చోట ఉండటం లేదన్న కారణంతో పేరు తీసేముందు ఆ మనిషి మాట వినే అవకాశం ఇవ్వాలని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 22వ సెక్షన్ చెబుతోంది. ఈ సవరణలో బీఎల్‌ఓ ఇచ్చే వివరాల ఫారం నింపి తిరిగి ఇవ్వనివాళ్ల పేరు నేరుగా ముసాయిదాలోంచి జారిపోయింది. నాలుగైదు ఎన్నికల్లో ఓటేసిన ముసలావిడ కూడా పద్దెనిమిదేళ్ల పిల్లలాగా ఫారం 6 నింపి కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి. అది ఆవిడకు అవమానం. బీహార్ విషయంలో సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో ఏమి చెప్పిందో మీకు తెలుసు. అక్కడి ఇలాంటి సవరణలో ముసాయిదాలో లేకుండా పోయిన దాదాపు 65 లక్షల పేర్లను, ఒక్కో పేరుకూ కారణంతో సహా బయటపెట్టమంది. అడిగితే చెప్పడం వేరు, అడగకముందే గోడ మీద అతికించడం వేరు.

గుర్తింపు పత్రాల సంగతీ చెప్పాలి. 1993లో అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ శేషన్ గారి హయాంలో ఫొటో ఉన్న ఓటరు కార్డు వచ్చినప్పుడు పేదవాడి చేతికి మొదటిసారి తన ముఖం ఉన్న ప్రభుత్వ కాగితం అందింది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బియ్యం డబ్బాలో దాచుకున్న ఇళ్లు నాకు తెలుసు. ఈ సవరణలో రుజువుగా చూపించాల్సిన పత్రాల జాబితాలో ఎన్నికల సంఘం తాను ఇచ్చిన ఆ కార్డునే చేర్చలేదు. పోలింగ్ రోజున కార్డు లేకపోతే ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ లాంటి 12 పత్రాల్లో ఏదైనా చాలు. కానీ ఏ కాగితం చూపించినా జాబితాలో పేరు లేకపోతే ఓటు లేదు. కాబట్టి జనం నమ్మకం జాబితా దగ్గరే నిలవాలి, లేదా అక్కడే పోవాలి.

అందుకే అడుగుతున్నాను. ఇల్లు మారారని తీసేసిన ప్రతి పేరునూ కారణంతో సహా పోలింగ్ కేంద్రం గోడ మీద పెట్టించండి. పెరుంబాక్కం, కన్నగి నగర్‌లలో ఆదివారాలూ, సాయంత్రం ఏడు తర్వాతా శిబిరాలు నడపండి. తెలుగు జాబితాలు చదవగలిగేవాళ్లను అక్కడ కూర్చోబెట్టండి, మాలాంటివాళ్లం ఉచితంగా వస్తాం. అక్షరాల తేడా ఒక్కటే కారణమైతే ఇరుగుపొరుగు వాంగ్మూలం తీసుకుని అక్కడికక్కడే తేల్చండి. చివరి జాబితా అచ్చయిపోయినా ఆగకండి. నామినేషన్ల గడువు వరకూ పేర్లు చేర్చే వీలు చట్టంలోనే ఉంది.

ఇట్లు,
వ్యాసర్పాడి నుంచి ఒక ఓటరు