గురుకులాల క్వార్టర్లకు తాళాలెందుకు?

సంపాదకులకు,

తెలంగాణ గురుకులాలకు కొత్త హంగులు వస్తున్నాయంటూ మీ పత్రికలో వారం పది రోజుల కిందట వచ్చిన కథనం చదివాను. కోపం చల్లారాక రాద్దామని ఆగాను. చల్లారలేదు.

పాతిక ఎకరాల ఇంటిగ్రేటెడ్ ప్రాంగణాలు, డిజిటల్ బోర్డులు, అన్ని వర్గాల పిల్లలూ ఒకేచోట. బాగుంది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ అంటూ ఒక్కో వర్గానికి ఒక్కో సొసైటీ పెట్టి పిల్లల్ని విడదీసిన పద్ధతి పోతే సంతోషించేవాళ్లలో నేనూ ఒకణ్ని. కానీ ఇదేదో నిన్ననే కనిపెట్టినట్టు చెప్పడమే విడ్డూరం. 1971లో పి.వి. నరసింహారావు చొరవతో సర్వేల్‌లో మొదటి గురుకులం మొదలైంది. ఆ వెంటనే తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. తర్వాత ఆయనే కేంద్ర మంత్రిగా నవోదయలు తెచ్చారు. వాటికి పేరు తెచ్చింది భవనాలా?

ఆ తరం గురుకులంలో చదువుకున్నవాణ్ని కాబట్టి చెబుతున్నాను. మా సార్లు ప్రాంగణంలోనే కాపురం ఉండేవాళ్లు. రాత్రి స్టడీ అవర్ అయ్యాక కూడా లెక్క అర్థం కాకపోతే క్వార్టర్ తలుపు తట్టేవాళ్లం. ఎవడికి జ్వరమొచ్చినా, ఎవడు అన్నం మానేసినా తెల్లారేలోగా తెలిసిపోయేది, ఎందుకంటే వాళ్లూ మా మెస్‌లోనే తినేవాళ్లు. ఇప్పుడు చాలాచోట్ల సాయంత్రం బస్సెక్కితే మళ్లీ ఉదయమే. కొత్త ప్రాంగణాల్లోనూ క్వార్టర్లు కడతారట. కట్టండి. ఉన్నవాటికి తాళాలెందుకు పడ్డాయో ముందు చెప్పండి. రిపేర్లు చేయించరు, నీళ్లు రావు. అలాంటి ఇంట్లో పిల్లాజెల్లాతో ఏ టీచరుంటాడు? తప్పంతా వాళ్లదే అనను.

పోనీ పోవాల్సినవి పోయాయా? సీనియర్ల బట్టలు జూనియర్లు ఉతకడం, అందరి ముందూ జుట్టు కత్తిరించడం, తెలుగులో మాట్లాడితే బయట నిలబెట్టడం, ఇవి మాత్రం క్రమశిక్షణ పేరుతో అక్కడక్కడా భద్రంగా ఉన్నాయి. ‘మేం దెబ్బలు తిన్నాం కాబట్టే పైకొచ్చాం’ అని పూర్వ విద్యార్థుల సమ్మేళనాల్లో మైకు పట్టుకుని మురిసిపోయే మా బ్యాచ్ వాళ్లకూ ఓ దండం. మేం పైకొచ్చింది దెబ్బల వల్ల కాదు, పక్కనే ఉండి చెప్పిన సార్ల వల్ల. మా బంధువుల పాప ఓ గురుకులంలో చదువుతోంది. జ్వరంతో పడుకుంటే ఇంటికి తెలిసింది రెండు రోజుల తర్వాత, అదీ స్నేహితురాలి తల్లి ద్వారా. పిల్లలు రోజూ ఇంటికి ఓ ఫోన్ చేసుకుంటే ఏ సంప్రదాయం మంటగలుస్తుంది?

ఇక మెస్ సంగతి. పిల్లల తిండికి ప్రభుత్వం ఇచ్చే, ఏడేళ్లుగా కదలని చార్జీలను 2024 చివర్లో 40 శాతం పెంచారు. మంచి పని, మెచ్చుకోవాల్సిందే. అన్నిచోట్లా ఒకే తిండి అంటూ కామన్ మెనూ మొదలైన రోజు మంత్రులు, కలెక్టర్లు పిల్లల పక్కన కూర్చుని తిన్నారు, ఫొటోలు దిగారు. మర్నాడు ఎవరు తిన్నారు? మన అధికారుల తీరే అంత. ఫుడ్ పాయిజన్ అయితే మర్నాడు తనిఖీ, ఎల్లుండి ఓ కాంట్రాక్టు వంటమనిషి తొలగింపు, ఆ తర్వాత అంతా సద్దుమణుగుతుంది. హాజరుకు యాప్, మెనూకు యాప్, ఫిర్యాదుకు యాప్. అర్ధరాత్రి పిల్లకు కడుపునొప్పి వస్తే ఏ యాప్ లేచి వస్తుంది?

మీ విలేకరికి ఒక్క విన్నపం. ఈసారి శిలాఫలకం దగ్గర ఆగిపోకుండా రాత్రి తొమ్మిది దాటాక ఏదైనా గురుకులానికి చెప్పాపెట్టకుండా వెళ్లమనండి. అన్ని వందల మంది పిల్లలకు లోపల ఎంతమంది పెద్దవాళ్లున్నారో లెక్కపెట్టి, ఆ అంకె కూడా అచ్చు వేయండి.

– ఓ గురుకుల పూర్వ విద్యార్థి, నల్లగొండ