మనం విన్నది ఆ పాట కాదురా

రాజమండ్రి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సుబ్బూ,

ముందు క్షమించు. సంక్రాంతికి రాస్తానన్నాను, ఉగాది కూడా వెళ్ళిపోయింది. అమ్మకి రెండో కన్ను ఆపరేషన్ అయింది, బాగానే ఉంది. పెద్దదాని పరీక్షలు అయిపోయాయి. నాకు బ్రాంచి మారింది, ఇంటికి దగ్గరే. ఇవీ విశేషాలు, మిగతావి ఫోన్లో చెప్పుకుందాం. ఇప్పుడు రాసేది మాత్రం ఫోన్లో చెప్పేది కాదు. నువ్వు మధ్యలో అడ్డుపడతావు, నేను దారి తప్పుతాను. పది రోజులుగా ఎవరికి చెప్పాలో తెలియక కొట్టుకుంటున్నా. ఈ ఇంట్లో దీని విలువ తెలిసినవాళ్ళు లేరు.

జగదాంబ సెంటర్లో కొన్న నీలం అట్ట క్యాసెట్ దొరికిందిరా!

అటక మీద పాత ట్రంకు పెట్టెలో, నీ గళ్ళ లుంగీ కింద ఉంది. (అవును, ఆ లుంగీయే. గొడుగు సంగతి నేనెత్తను, నువ్వూ ఎత్తకు.) పెట్టె తీయగానే కలరా ఉండల వాసన. క్యాసెట్ మూత మీద పగులు అలాగే ఉంది, 'బి' వైపు నువ్వు ఎర్ర బాల్‌పెన్నుతో పెట్టిన చుక్కా అలాగే ఉంది. ఆ చుక్క చూసి కాసేపు అక్కడే నిచ్చెన మీద నిలబడిపోయాను.

మన రూములో జరిగిన యుద్ధం గుర్తుందా? 1992లో నువ్వు మైకేల్ బోల్టన్ 'వెన్ ఎ మ్యాన్ లవ్స్ ఎ ఉమన్' పట్టుకొచ్చి, ఇది ఆయన పాటే అని మంచం ఎక్కి అరిచావు. కాదురా, ఇది ఎప్పుడో పెర్సీ స్లెడ్జ్ అనే ఆయన పాడిన పాట అని నేను. వారం రోజులు మాటల్లేవు. చివరికి ముప్పై అయిదు రూపాయలు పెట్టి ఆ నీలం క్యాసెట్ కొని, మన గుమ్మడికాయ టేప్ రికార్డర్లో పెట్టి, "విను, ఇదీ అసలుది" అన్నాను. విన్నావు. ఒక్క మాట మాట్లాడకుండా విన్నావు. పందెం ప్రకారం వారం రోజులు నాకు మసాలా దోసెలు పెట్టించావు.

ఒరేయ్, ఆ దోసెలు నేను నీకు బాకీ ఉన్నాను. అదీ అసలుది కాదు.

ఎలా తెలిసిందో చెప్తా. మా వీధి చివర రేడియో రిపేరు చేసే పెద్దాయన ఒక పాత టేప్ రికార్డర్ బాగుచేసి ఇచ్చాడు. రాత్రి భోజనాలయ్యాక పెట్టాను. ఆ గొంతు రాగానే ఒళ్ళు జలదరించింది. చిన్నది పక్కన కూర్చుని విని, "నాన్నా, ఈ పాట నా ఫోన్లో ఉంది గానీ ఇలా లేదు" అంది. అదేంటే అని పెట్టమన్నాను. మొదట ఆర్గన్ వచ్చింది, మన చర్చిల్లో కీర్తన మొదలుపెట్టే ముందు వాయించినట్టు, నెమ్మదిగా. అప్పుడే తేడా తెలిసింది. గొంతు అదే మనిషిది, కానీ ఇరవై ఏళ్ళు చిన్నవాడిది. మన క్యాసెట్‌లో ఆయన పాటను హాయిగా, తెలిసిన దారిలో నడిచినట్టు పాడతాడు. ఇందులో మాత్రం ఎవరో తలుపు వేసేస్తుంటే బయట నిలబడి పాడుతున్నట్టు ఉంది.

వెంటనే క్యాసెట్ అట్ట తీసి, అమ్మ పాత కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. లోపలి మడతలో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: అదే గాయకుడు కొత్తగా పాడి రికార్డు చేసినది అని. ఇన్నేళ్ళూ అక్కడే ఉందిరా ఆ ముక్క. మనం ఎప్పుడైనా మడత విప్పామా?

ఇక నిద్ర పట్టలేదు. అసలుదాన్ని మళ్ళీ మళ్ళీ విన్నాను. మూడో నాలుగో సారికి, పాట చివరికొచ్చేసరికి బాకాలు అందుకుంటాయి చూడు, అక్కడ నా చెవి ఆగింది. శ్రుతి లేదు! నేను గుళ్ళో భజనకి ఇన్నేళ్ళుగా హార్మోనియం పడుతున్నాను కదా, వీసమెత్తు తేడా ఉన్నా పన్ను జివ్వుమంటుంది. హార్మోనియం తెచ్చి పక్కన వాయించి చూశాను. బాకాలు ఒకదానితో ఒకటి కూడా కలవడం లేదు. నా చెవికేమైనా అయిందా అని భయపడ్డాను. కాలేదు. దాని వెనక ఒక కథ ఉంది, ఈ ఉత్తరమంతా దాని కోసమే.

స్లెడ్జ్‌ది అమెరికాలో అలబామా రాష్ట్రం, లైటన్ అనే చిన్న ఊరు. పగలు షెఫీల్డ్‌లోని కోల్బర్ట్ కౌంటీ ఆసుపత్రిలో వార్డు బాయ్. రోగుల్ని తిప్పడం, పక్కలు మార్చడం అలాంటి పనులు. (ఆ ఆసుపత్రికి ఇప్పుడు హెలెన్ కెల్లర్ పేరు. మన పాఠంలో చదువుకున్న ఆవిడే, ఆవిడ పుట్టిన టస్కంబియా దాని పక్క ఊరే.) శని, ఆదివారాలు ఎస్క్వైర్స్ అనే బృందంతో కాలేజీ పార్టీల్లో పాడేవాడు. ఒక అమ్మాయి వదిలేసి వెళ్ళిపోయింది. ఆ బాధలో నోటికొచ్చిన బాణీ ఇది అని ఆయనే చెప్పుకున్నాడు. నన్నెందుకు వదిలి వెళ్ళావు అనే పాటగా మొదలైందట. మాటలు తర్వాత మారాయి. ఏడుపు మాత్రం గొంతులో ఉండిపోయింది. విను, నీకే తెలుస్తుంది.

షెఫీల్డ్‌లో క్విన్ ఐవీ అని ఒకాయనకి రికార్డుల కొట్టు ఉండేది, నొరాలా అని చిన్న స్టూడియో కూడా పెట్టాడు. 1966 మొదట్లో రికార్డింగ్ అక్కడే. ఆర్గన్ స్పూనర్ ఓల్డమ్, డ్రమ్స్ రోజర్ హాకిన్స్, గిటార్ మార్లిన్ గ్రీన్. వాయించిన వీళ్ళంతా తెల్లవాళ్ళు, పాడినవాడు నల్లవాడు. అది ఏ రాష్ట్రమో తెలుసా? నల్లవాళ్ళని వేరుగా ఉంచడం ఇప్పుడూ రేపూ ఎప్పటికీ అని 1963లో గవర్నరు జార్జ్ వాలెస్ ప్రమాణం చేసిన రోజే ప్రకటించిన రాష్ట్రం. బయట అలా ఉంటే, ఆ చిన్న గదిలో వీళ్ళు ఇలా... దీని గురించి ఇంకా చాలా రాయాలనుంది, మళ్ళీ రాస్తా.

పాటని న్యూయార్క్‌లో అట్లాంటిక్ అనే రికార్డుల కంపెనీ పెద్ద జెర్రీ వెక్స్‌లర్‌కి వినిపించారు. ఆయనకి నచ్చింది, కానీ బాకాలు అపశ్రుతిలో ఉన్నాయి, మళ్ళీ వాయించి పంపండి అన్నాడు. సరేనని వీళ్ళు వేరే బాకా వాళ్ళని పెట్టి, చక్కగా శ్రుతి చేసుకుని మళ్ళీ రికార్డు చేసి పంపారు. పాట విడుదలైంది. మే నెలలో అమెరికా మొత్తానికి మొదటి స్థానం, నల్లవాళ్ళ సంగీతం జాబితాలోనూ మొదటి స్థానమే. అట్లాంటిక్‌కి వచ్చిన మొదటి గోల్డ్ రికార్డు ఇదే. వెక్స్‌లర్ ఫోన్ చేసి, చూశారా, బాకాలు మళ్ళీ వాయించమన్నందుకు ఇప్పుడు సంతోషమేగా అన్నాడట. అవతల వీళ్ళు, అయ్యా మీరు వేసింది పాత టేపే అన్నారట!

టేపులు తారుమారయ్యాయి సుబ్బూ! బాగు చేసినది ఏ బీరువాలోనో ఉండిపోయింది, అపశ్రుతి ఉన్నది లోకం మీదకి వెళ్ళిపోయింది. కోట్లమంది పెళ్ళిళ్ళలో డాన్సు చేసిందీ, రేడియోలో విని ఏడ్చిందీ ఆ తప్పు బాకాలతోనే. అది చదివాక మళ్ళీ విన్నాను. ఈసారి పన్ను జివ్వుమనలేదు. ఆయన గొంతు అప్పటికే తెగే దాకా సాగి ఉంటుంది, బాకాలు దాని వెనక తడబడుతూ పరుగెత్తినట్టు ఉంటుంది. శ్రుతిగా ఉండుంటే ఇంత ఉండేది కాదని నాకు గట్టిగా అనిపిస్తోంది. గుళ్ళో హార్మోనియం పట్టేవాణ్ని నేనా ఈ మాట అంటున్నది అనకు. విని అప్పుడు చెప్పు.

ఇంకో సంగతి విన్నాక రెండు రోజులు మనసు బాగోలేదు. పాట రాసినవాళ్ళుగా రికార్డు మీద ఉన్న పేర్లు కాల్విన్ లూయిస్, ఆండ్రూ రైట్. ఆయన బృందంలో వాళ్ళే. స్లెడ్జ్ తన పేరు పెట్టుకోకుండా వాళ్ళకి ఇచ్చేశాడట. అమెరికాలో మామూలు ఎ.ఎం., ఎఫ్.ఎం. రేడియోలో పాట వేస్తే రాసినవాళ్ళకి డబ్బు వస్తుంది, పాడినవాడికి రాదు. అంటే ఇన్నేళ్ళుగా ఆ దేశంలో అలాంటి ఏ రేడియోలో ఈ పాట మోగినా ఆయన చేతికి పైసా లేదు. నీ బోల్టన్ 1991 నవంబరులో ఇదే పాటతో మళ్ళీ మొదటి స్థానానికి వెళ్ళాడు, గ్రామీ కూడా తెచ్చుకున్నాడు. ఆ డబ్బులోనూ స్లెడ్జ్‌కి వాటా లేదు. 1987లో బ్రిటన్‌లో లెవీస్ జీన్స్ ప్రకటనలో వాడితే అసలు పాట ఇరవై ఏళ్ళ తర్వాత అక్కడ రెండో స్థానం దాకా ఎక్కింది. మొదటి స్థానంలో ఉన్నదీ అలాంటి ప్రకటనతోనే లేచిన పాత పాటే, బెన్ ఇ. కింగ్ 'స్టాండ్ బై మీ'.

ఇప్పుడు అర్థమైంది మన క్యాసెట్ ఎలా పుట్టిందో. అసలు టేపు కంపెనీ సొత్తు. పాడినవాడు దాన్ని ఇంకొకరికి ఇవ్వలేడు. కానీ మళ్ళీ పాడితే అది కొత్త టేపు, దాన్ని అమ్ముకోవచ్చు. పాత గాయకులు చాలామంది అలా తమ పాటల్ని తామే మళ్ళీ పాడి చవక క్యాసెట్లకి ఇచ్చారు. స్లెడ్జ్ కూడా ఈ పాటని మళ్ళీ మళ్ళీ రికార్డు చేశాడు. మొదట ఆ అట్ట మీద అక్షరాలు చూసి మోసం అని కోపం వచ్చింది. ఇప్పుడు ఆ గాయకుడి మీద కోపం లేదు. ఆ అక్షరాలు అంత చిన్నవిగా వేసినవాళ్ళ మీద మాత్రం ఇంకా ఉంది.

సుబ్బూ, ఇదంతా రాస్తుంటే ఒక్కటే గుర్తొస్తోంది. ఆ రాత్రి. క్వార్టర్ రేటు (కాల్ ఛార్జీ పావు వంతే) కోసం రాత్రి పదకొండు దాకా ఆగి, బాబాయి ఎస్.టి.డి. బూత్‌కి వెళ్ళాం. గుమ్మడికాయని నేను రెండు చేతులా పట్టుకున్నాను, నువ్వు రిసీవర్ని స్పీకర్‌కి ఆనించావు. ఏలూరులో వసంత. మీటర్ మీద ఎర్ర అంకెలు గిర్రున మారుతున్నాయి. బాబాయి కూడా కుర్చీలోంచి లేచి వచ్చి నిలబడ్డాడు. పాట అయ్యాక నువ్వు రిసీవర్ చెవి దగ్గర పెట్టుకున్నావు. అవతల ఏమందో నువ్వు నాకు ఈరోజుకీ చెప్పలేదు.

అంటే వసంత ఆ రాత్రి విన్నది... చెప్పాలా వద్దా తనకి? నాకైతే చెప్పాలనే ఉంది. కానీ తనకి అదే అసలుది కదా ఇప్పుడు. లేదా, ఏమో, నువ్వే ఆలోచించు. 2015 ఏప్రిల్లో స్లెడ్జ్ పోయాడని కూడా నాకు ఈ పది రోజుల్లోనే తెలిసింది. ఆ రోజు మనం ఏం చేస్తున్నామో...

మా బావమరిది రాత్రి బస్సుకి హైదరాబాద్ వస్తున్నాడు, ఇప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. క్యాసెట్, అసలు పాట ఎక్కించిన పెన్‌డ్రైవ్, ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నా. రెండూ ఒకదాని తర్వాత ఒకటి విను. ముందు క్యాసెట్. నీ దగ్గర టేప్ రికార్డర్ లేకపోతే ఆగు, నేనే పట్టుకొస్తా. బాకాలు వచ్చేటప్పుడు వసంతని కూడా పిలు. ఇంకా ఎస్తర్ ఫిలిప్స్ అనే ఆవిడ అదే సంవత్సరం దీన్ని ఆడదాని వైపు నుంచి తిప్పి పాడింది, ఆ సంగతి రాయనేలేదు, అది కూడా అందులోనే ఎక్కించా. బస్సు టైమైపోతోందని అరుస్తున్నాడు,

నీ
రాంబాబు