మా ఆయన్ని ఇంటికి చేర్చిన వాళ్లందరికీ

స్ట్రోక్ (పక్షవాతం) వచ్చి ఇక్కడ లండన్‌లో ఆస్పత్రిలో చేరిన మా ఆయన ఇంటికి వచ్చేశారు. చేతికర్ర పట్టుకుని నడుస్తున్నారు, మాట ఇంకా కొంచెం ముద్దగా వస్తోంది కానీ అర్థమవుతోంది. ఫోన్లు చేసినవాళ్లకీ మెసేజ్‌లు పెట్టినవాళ్లకీ విడివిడిగా జవాబు చెప్పలేకపోయాను, అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా 999లో, అంటే ఇక్కడి ఎమర్జెన్సీ నంబర్లో, ఫోన్ ఎత్తిన అమ్మాయికి. మూతి ఒక పక్కకి లాగేసిందా, రెండు చేతులూ ఎత్తగలుగుతున్నారా, మాట తేడాగా ఉందా అని గబగబా అడిగింది. అంబులెన్స్ వచ్చేలోపు తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వొద్దని గట్టిగా చెప్పింది. షుగర్ పడిపోయిందేమోనని మా అత్తగారు అప్పటికే పంచదార నీళ్లు కలిపి తెచ్చారు, ఆ మాట విని గ్లాసు పక్కన పెట్టేశారు.

తర్వాత అంబులెన్స్‌లో వచ్చిన ఆ పారామెడిక్‌లిద్దరికీ. ఆయన మామూలుగా ఉండగా చివరిసారి ఎప్పుడు చూశారని అడిగి, నేను చెప్పిన టైమ్‌ని ఒకాయన తన చేతి గ్లౌజు మీదే పెన్నుతో రాసుకున్నాడు. మెదడుకి రక్తం అందకుండా అడ్డుపడే రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్‌ని మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, ఆ లెక్కంతా అక్కడి నుంచే మొదలవుతుంది కాబట్టి. మేముండేది పశ్చిమ లండన్‌లోని హౌన్స్‌లోలో, దగ్గర్లోనే పెద్ద ఆస్పత్రి ఉంది. దాన్ని వదిలేసి బండి చారింగ్ క్రాస్ ఆస్పత్రి వైపు తిరిగింది. అంత దూరం ఎందుకని అడిగితే, "స్ట్రోక్ అయితే అక్కడికే, మన కోసం రెడీగా ఉంటారు" అన్నాడు. నిజంగానే తలుపు దగ్గర స్ట్రోక్ నర్సు నిలబడి ఉంది, స్ట్రెచర్ నేరుగా స్కాన్ గదికే వెళ్లింది. ఇంజెక్షన్‌తో మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదమూ ఉందని అక్కడ డ్యూటీలో ఉన్న మన తెలుగు డాక్టరు నాకూ అత్తయ్యకీ తెలుగులోనే విడమరిచి చెప్పారు. డాక్టరు గారూ, ఆ టెన్షన్‌లో మీరు చెప్పిన తీరే మాకు ధైర్యం.

ఇండియా నుంచి ఫోన్ చేసిన ప్రతి ఒక్కరూ "పక్కనే ఆస్పత్రి ఉంటే అంత దూరం ఎందుకు తీసుకెళ్లారు?" అని అడుగుతున్నారు. దీనికి జవాబు తెలుసుకున్నాకే నేను మొహం కూడా చూడని కొందరికి దండం పెట్టాలనిపించింది.

2010కి ముందు లండన్‌లో స్ట్రోక్ వస్తే 30 దాకా ఆస్పత్రుల్లో ఎక్కడో ఒకచోట చేర్చుకునేవారు. ఏ వేళకి ఎక్కడ స్కాన్ దొరుకుతుందో, స్ట్రోక్ డాక్టరు ఉంటారో లేదో, అంతా అదృష్టం. ఏ సేవ ఎక్కడ ఉండాలి, డబ్బు ఎవరికి ఇవ్వాలి అని తేల్చే కమిషనింగ్ పని అప్పట్లో 31 ప్రైమరీ కేర్ ట్రస్టుల (ప్రభుత్వ వైద్య సేవలో ప్రాంతాలవారీ సంస్థల) చేతిలో ఉండేది. అవన్నీ ఒక్క మాట మీదికి రావడానికి వెనక డాక్టర్లున్నారు. ప్రొఫెసర్ టోనీ రడ్ లాంటి స్ట్రోక్ వైద్యులు ముందు నిలబడి, ఎనిమిదే ఎనిమిది కేంద్రాలు చాలు, కానీ అవి రాత్రీ పగలూ పూర్తిగా సిద్ధంగా ఉండాలి, లండన్‌లో ఎవరికి స్ట్రోక్ వచ్చినా అంబులెన్స్‌లో 30 నిమిషాల్లో చేరగలగాలి అన్న పద్ధతికి రూపమిచ్చారు. మొదటి 72 గంటలు అక్కడ, ఆ తర్వాత ఇంటికి దగ్గరి స్ట్రోక్ యూనిట్‌లో. మా ఆయన్ని తీసుకెళ్లిన చారింగ్ క్రాస్ ఆ ఎనిమిదిలో ఒకటి. ప్రమాణాలు అందుకుంటేనే అదనపు డబ్బు. ఈ పని ఆఫీసులో కూర్చుని అంకెలు చూసేవాళ్ల వల్ల మాత్రమే అయ్యేది కాదని నా గట్టి నమ్మకం. మీ దగ్గర స్ట్రోక్ కేసులు ఇక చేర్చుకోవద్దు అని సాటి డాక్టర్లకి చెప్పాలంటే ఆ జబ్బు చూసిన డాక్టరే చెప్పాలి.

లండన్‌లో ఈ మార్పు వచ్చిన 2010లోనే గ్రేటర్ మాంచెస్టర్‌లో కూడా మార్చారు, కానీ స్థానిక అభ్యంతరాలతో మెత్తబడి, లక్షణాలు మొదలై నాలుగు గంటల్లోపు వచ్చినవాళ్లనే ప్రత్యేక కేంద్రాలకు పంపారు. 2014లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధనలో లండన్‌లో మరణాలు తగ్గినట్టు, మార్పు తర్వాతి 21 నెలల్లో 168 తక్కువని అంచనా వేశారు. మాంచెస్టర్‌లో అలాంటి తేడా కనబడలేదు. వాళ్లూ 2015లో పూర్తి పద్ధతికి వచ్చారు. లండన్‌లో పట్టు సడలించకపోవడం వల్ల బతికినవాళ్లు ఆ 168 మంది!

ఏ సేవ ఎక్కడ ఉండాలో తేల్చే ఈ బాధ్యత 2022 నుంచి ఇంటిగ్రేటెడ్ కేర్ బోర్డులనే ప్రాంతీయ సంస్థలది. 2025లో వాటి నిర్వహణ ఖర్చు సగం తగ్గించాలన్నారు. తగ్గించుకోండి గానీ, ఎమర్జెన్సీ సేవల మీద నిర్ణయాలు జరిగే బల్ల దగ్గర డాక్టర్లకీ నర్సులకీ పారామెడిక్‌లకీ కుర్చీ మాత్రం తీసేయకండి, దయచేసి.

వార్డు నర్సు గురించి చెప్పకపోతే నిద్ర పట్టదు నాకు. మింగడం సరిగ్గా ఉందో లేదో తేలేదాకా నోటికి చుక్క ఇవ్వలేదు. ఆయన సైగలు చేస్తూ దాహం అని అడుగుతూనే ఉన్నారు. మింగగలరో లేదో చూడటానికి ఆమె మంచం పక్కన కూర్చుని ఒక చెంచా నీళ్లు పోసి, గొంతు కదలిక చూసి, దగ్గు వస్తుందేమోనని ఆగి, మళ్లీ ఇంకో చెంచా. ఎంత పని ఉందో ఆ రాత్రి ఆమెకి, అయినా తొందరపడలేదు.

ఇక పక్కింటి గుంటూరు అక్కా, పిల్లల్ని నీ దగ్గరే పడుకోబెట్టుకుని, స్కూలుకి పంపి, మాకు క్యారేజీలు కట్టావు. నీ డబ్బాలన్నీ మా వంటింట్లోనే ఉన్నాయి. ఆదివారం ఆయనే తెచ్చిస్తానంటున్నారు, మెట్లెక్కడానికి టైమ్ పడుతుంది, తలుపు తీసి ఉంచు.