విదేశీ విద్యార్థులను టూరిస్టులుగా లెక్కకట్టకండి: కేంద్ర హోంమంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర హోంశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను హైదరాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చెబుతాను. మా తరగతిలో వరంగల్, కర్నూలు పిల్లల పక్కనే కెన్యా, శ్రీలంక, వియత్నాం, అఫ్గానిస్తాన్ పిల్లలు కూర్చుంటారు. మా చదువులో సగం పుస్తకాల్లో దొరుకుతుంది. మిగతా సగం, ఆ భాష మాట్లాడే వాళ్ల ఊరికెళ్లి, వాళ్ల అరుగు మీద కూర్చుని రాసుకోవాల్సిందే. ఆ పనికి మన దేశంలో నాగాలాండ్, అరుణాచల్ ప్రదేశ్‌లను మించిన చోటు లేదు. కొండ దిగి ఇంకో కొండెక్కితే భాష మారిపోతుంది. నాగాలాండ్‌లో వేరువేరు తెగల వాళ్లు బజారులో కలిస్తే నాగామీస్‌లో మాట్లాడుకుంటారు. ఒక సంపర్క భాష ఎలా పుడుతుందో, ఎలా స్థిరపడుతుందో బోర్డు మీద నెల రోజులు చెప్పేకంటే కొహిమా బజారులో ఒక పూట నిలబడితే బాగా తెలుస్తుంది.

అలాంటి పర్యటన వేసుకున్న ప్రతిసారీ తరగతి మూడు ముక్కలవుతుంది. భారతీయ విద్యార్థులు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఇన్నర్ లైన్ పర్మిట్ (బయటి రాష్ట్రాల భారతీయులకు ఇచ్చే ప్రవేశ అనుమతి) తెచ్చుకుంటారు. భూటాన్ విద్యార్థి ఎవరైనా ఉంటే వాళ్ల దేశానికి మినహాయింపు ఉంది కాబట్టి చిక్కులేదు. మిగిలిన విదేశీ విద్యార్థులందరికీ ప్రొటెక్టెడ్ ఏరియా పర్మిట్, అంటే సరిహద్దు దగ్గరి రక్షిత ప్రాంతాల్లోకి వెళ్లే విదేశీయులు తీసుకోవాల్సిన అనుమతి, కావాలి. అది అందక, చివరికి వాళ్లను హైదరాబాద్‌లో వదిలేసి వెళ్తాం. లేదా అందరినీ షిల్లాంగ్ తీసుకెళ్లి, ఈశాన్యం చూపించామని రిపోర్టులో రాసుకుంటాం. మేఘాలయకు ఆ పర్మిట్ అక్కర్లేదు మరి.

సరిహద్దు ప్రాంతాలకు అసలు నియంత్రణే వద్దని నేను అనడం లేదు. ఈ ఏర్పాటు 1958 నాటి ఉత్తర్వుతో మొదలైంది. నాలుగేళ్లకు చైనాతో యుద్ధం వచ్చింది. దాని వెనకున్న భయం ఊహించుకున్నది కాదు. నా అభ్యంతరం ఒక్కటే. ఆ ఏర్పాటుకు విదేశీయుడంటే ప్రధానంగా టూరిస్టే. ఇక్కడే మూడేళ్లు, ఐదేళ్లు ఉండి చదువుకునే విద్యార్థి దాని కంటికి ఆనడు.

టూరిస్టుగా వెళ్లాలంటే సాధారణంగా ఇద్దరికి తక్కువ కాకుండా ఉండాలి, గుర్తింపు పొందిన ట్రావెల్ ఏజెంటు ద్వారా వెళ్లాలి, ముందే చెప్పిన దారి తప్పకూడదు. ఈ మూడూ విద్యార్థికి ఎలా తగులుకుంటాయో చెబుతాను. మా దగ్గర పరిశోధన చేసే అమ్మాయి అరుణాచల్‌లోని జిరో లోయకు వెళ్లాలనుకుంది. అపతానీ తెగ వాళ్లు వరి మళ్లలోనే చేపలు పెంచే చోటు అది. ఆ సేద్యపు మాటలు సేకరించాలని ఆమె కోరిక. విదేశీ విద్యార్థి ఆమె ఒక్కతే. వెంట వచ్చే భారతీయ సహవిద్యార్థులు ఆ 'ఇద్దరి' లెక్కలోకి రారని మాకు చెప్పారు. ఒక ఏజెన్సీని అడిగితే, కారు, గైడు, హోటలు కలిపి ప్యాకేజీ చెప్పారు. భారత ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద చదివే పిల్లకు నెలకు వచ్చేది 20 వేల రూపాయల అటూ ఇటూ. ఆ ప్యాకేజీ ఆమెకు అందే బేరం కాదు. ఇంకోచోట మరీ తేలిగ్గా, 'తోడు లేకపోతే ఏం మేడమ్, కాగితం మీద ఇంకో పాస్‌పోర్టు జత చేస్తాం' అన్నారు. అంటే ఎక్కడో ఉన్న మరో విదేశీయుడి పేరు దరఖాస్తులో ఉంటుంది. మనిషి మాత్రం రాడు. నేను వద్దన్నాను, అమ్మాయి ప్రయాణం ఆగిపోయింది. అయ్యా, ఆ నిబంధన వల్ల దేశానికి ఏ భద్రత కలిగింది? నిజం చెప్పిన వాళ్లు ఆగిపోయారు. అబద్ధానికి సిద్ధపడిన వాళ్ల పేర్లు మీ రికార్డుల్లో రెండేసి చొప్పున చేరుతున్నాయి.

ఇక విద్యార్థి గురించి ప్రభుత్వానికి తెలియనిది ఏముంది? స్టూడెంట్ వీసా ఇచ్చేముందే అడ్మిషన్ పత్రం చూస్తారు. దేశంలో దిగిన 14 రోజుల్లో ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల ప్రాంతీయ నమోదు కార్యాలయం) దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. హాస్టల్లో చేరిన సంగతి 24 గంటల్లో తెలపాలి. విశ్వవిద్యాలయం వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. ఇల్లు మారినా కబురు ఇవ్వాల్సిందే. రెండు వారాల కోసం విమానం దిగిన టూరిస్టు గురించి మీకు ఇందులో పదోవంతు కూడా తెలియదు. అయినా జంటగా వచ్చి ప్యాకేజీ కొనుక్కున్న ఆ టూరిస్టుకే పర్మిట్ సులువుగా అందుతుంది.

మా ఇళ్లలోకీ ఈ నిబంధన వచ్చింది. అమెరికాలో పుట్టి, ఓసీఐ కార్డుతో (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతి వాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఇక్కడ చదువుకుంటున్న తెలుగు పిల్లలు హైదరాబాద్‌లో కొద్దిమంది కాదు. 2021 మార్చిలో మీ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం రక్షిత ప్రాంతాలకు వెళ్లాలంటే వాళ్లూ ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. పెద్దమ్మ కొడుకు అరుణాచల్‌లోని తవాంగ్ వెళ్తాడు, పిన్ని కూతురు గువాహటిలో ఆగిపోతుంది. ఇద్దరి తాతా ఒక్కడే.

2011 నుంచి మణిపూర్, మిజోరం, నాగాలాండ్‌లకు ఈ పర్మిట్ సడలించారు. అప్పుడు విదేశీయులు వెళ్లి, 24 గంటల్లో స్థానిక అధికారుల దగ్గర నమోదు చేయించుకుంటే సరిపోయేది. 2024 డిసెంబరులో మూడు రాష్ట్రాలకూ మళ్లీ పర్మిట్ తెచ్చారు. మణిపూర్ సంగతి నేను మాట్లాడను. 2023 మే నుంచి అక్కడి మనుషులే సొంత ఇళ్లకు చేరలేక శిబిరాల్లో తలదాచుకుంటుంటే, చదువు యాత్రల గురించి అడగడం మర్యాద కాదు. కానీ మణిపూర్‌కు వేసిన తాళాన్నే నాగాలాండ్‌లోని కొహిమాకూ, మిజోరంలోని ఐజ్వాల్‌కూ ఎందుకు వేశారో విద్యార్థుల ముందు నేను చెప్పలేకపోతున్నాను. మా కెన్యా విద్యార్థి చాలాకాలంగా కొహిమా యుద్ధ స్మశానం చూడాలంటున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో అక్కడ జపాన్ సేనను ఆపిన తరువాత, బర్మాలోకి సాగిన బ్రిటిష్ సైన్యంలో తూర్పు ఆఫ్రికా దళాలూ ఉన్నాయి. వాళ్ల ఊరి ముసలివాళ్లు చెప్పుకొనే యుద్ధం అది. ఈ కుర్రాడి వల్ల సరిహద్దుకు ప్రమాదమని మీ అధికారి ఎవరైనా భావిస్తే ఆ మాట కాగితం మీద పెట్టమనండి, ఒప్పుకుంటాం. ఇప్పుడు కాదనే వాళ్లూ లేరు, అవుననే వాళ్లూ లేరు. అర్జీ ఏ బల్ల మీద ఉందో తెలిసేలోపు సెలవులు అయిపోతాయి.

అఫ్గాన్ విద్యార్థుల కథ ఇంకా కష్టం. అఫ్గానిస్తాన్, చైనా, పాకిస్తాన్ పౌరులను ఈ సడలింపులన్నిటి నుంచీ మొదటే పక్కన పెట్టారు. మిగతా రెండు దేశాల గురించి నేను వాదించను. అఫ్గాన్ పిల్లలను మాత్రం ఐసీసీఆర్ (భారత సాంస్కృతిక సంబంధాల మండలి) స్కాలర్‌షిప్ ఇచ్చి పిలిచింది మనమే. 2021 ఆగస్టులో కాబూల్ పడిపోయాక వాళ్లలో చాలామందికి వెనక్కి వెళ్లే దారి కూడా లేకపోయింది. దేశం పేరు చూసి కాదు, మనిషిని చూసి నిర్ణయించమనే కోరుతున్నాను.

చైనాలో ఎంబీబీఎస్ చదివే మన తెలుగు పిల్లలు టిబెట్‌లోని లాసా చూడాలన్నా ఏజెన్సీ, గైడు, ప్రత్యేక పర్మిట్ తప్పవు. మన నిబంధన దానికి ఇంత దగ్గరగా ఉండటం నాకు సిగ్గుగా ఉంది. 'స్టడీ ఇన్ ఇండియా' అంటూ 2018 నుంచి ఒక శాఖ ప్రపంచాన్ని పిలుస్తోంది. అలా వచ్చిన వాళ్లకు ఇండియాలో ఎంత మేర తెరిచి ఉందో మీ శాఖ చెప్పాలి.

2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చింది. 1946 నాటి చట్టం పోయింది. కాబట్టి ఈ మార్పుకు ఇదే అదను. గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయంలో చదివే విదేశీ విద్యార్థికి పర్మిట్‌లో వేరే విభాగం పెట్టండి. ట్రావెల్ ఏజెంటు స్థానంలో రిజిస్ట్రార్ సంతకాన్ని తీసుకోండి, బాధ్యత మేమే వహిస్తాం. వెంట అధ్యాపకుడో, భారతీయ సహవిద్యార్థులో ఉంటే ఆ 'ఇద్దరి' షరతు తీరినట్టే చూడండి. ఓసీఐ విద్యార్థులనూ ఇందులోనే చేర్చండి. సరిహద్దుకు ఆనుకున్న చోట్లు మూసే ఉంచండి, మాకు కావాల్సింది బజార్లు, గ్రామాలు, గ్రంథాలయాలు. అన్నిటికంటే ముఖ్యం గడువు. 30 రోజుల్లో అవునో కాదో చెప్పాలి, కాదంటే కారణం ఒక్క వాక్యమైనా రాయాలి.

డిసెంబరు 1 నుంచి 10 దాకా కొహిమా దగ్గర కిసామాలో హార్న్‌బిల్ ఉత్సవం జరుగుతుంది. నాగా తెగలన్నీ ఒకేచోట కలిసే రోజులవి, మా విద్యార్థులకు అంతకంటే మంచి తరగతి గది దొరకదు. రైలు టికెట్లు అక్టోబరులోనే తీసుకోవాలి. అంతకుముందు మీ శాఖ నుంచి జవాబు వస్తే ఈసారి జాబితాలో తరగతి మొత్తం పేర్లూ రాస్తాను.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక అధ్యాపకురాలు